నుదుటి రాత చదివే కళ్లద్దాలు

ఎదుటి మనిషి ముఖం చూడగానే అతడు మంచివాడో చెడ్డవాడో తెలిసిపోతే ఎంత బాగుండు! ఈ కోరిక కలగని మనిషి ఉండడు. కూతురికి సంబంధం చూసే తండ్రికి, సరుకు అరువిచ్చే వ్యాపారికి, ఇల్లు అద్దెకిచ్చే యజమానికి, ఏదో ఒక రోజు ఈ ఆలోచన రాక తప్పదు. ఈ కోరికనే ఇతివృత్తంగా తీసుకుని 1901లో అమెరికా రచయిత ఒకరు పిల్లల కోసం ఒక నవల రాశారు. అందులోని కుర్రవాడికి ఒక జత కళ్లద్దాలు దొరుకుతాయి. అవి పెట్టుకుని చూస్తే ఎదుటివారి గుణం ఒక అక్షరమై వారి నుదుటి మీద కనిపిస్తుంది. ఆనాడు అది కేవలం కల్పన. ఈనాడు అలాంటి కళ్లద్దాలకు అతి దగ్గరగా వచ్చినవి బజారులో అమ్ముతున్నారు. కాబట్టి ఆ రచయిత ఏమి ఊహించాడు, అది నేడు ఎంతవరకు నిజమైంది, ఇలాంటి చూపు గురించి ఇస్లాం మనకు ఏమి నేర్పింది అన్నది ప్రతి ముస్లిం కుటుంబం ఆలోచించవలసిన విషయం.

ఆకుపచ్చ అద్దాల నగరం

ఆ రచయిత పేరు లైమన్ ఫ్రాంక్ బామ్. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలోని చిట్టెనాంగోలో జన్మించాడు. నాటకాలు వేశాడు, దుకాణం నడిపాడు, పత్రిక నడిపాడు, పింగాణీ సామాను అమ్ముతూ ఊరూరా తిరిగాడు. దుకాణాల ముందు అద్దాల కిటికీలను ఎలా అలంకరించాలో చెప్పడానికి 1897లో ప్రత్యేకంగా ఒక పత్రికనే స్థాపించాడు. అద్దం వెనుక పెట్టిన వస్తువు అసలు కంటే మిన్నగా కనిపిస్తుందన్న సంగతి ఆయనకు బాగా తెలుసు. బహుశా అందుకేనేమో, ఆయన కథల్లో అద్దాలకు పెద్ద పాత్రే దక్కింది.

1900లో వెలువడిన ‘ఓజ్’ మాంత్రికుడి కథ ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. ఆ కథలో మరకత నగరం అని ఒక పట్టణం ఉంటుంది. అందులో అడుగుపెట్టే ప్రతివారూ ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టుకోవాలి. ద్వారపాలకుడు వాటిని తలకు బిగించి తాళం వేస్తాడు. లేకపోతే నగర కాంతికి కళ్లు పోతాయని జనానికి చెబుతారు. చివరకు తెలిసేదేమిటంటే ఆ నగరం మిగతా ఊళ్ల కంటే ఏమంత పచ్చగా లేదు. పచ్చదనమంతా అద్దాలలోనే ఉంది. 1939లో వచ్చిన ప్రసిద్ధ చలనచిత్రంలో ఈ కళ్లద్దాల ఘట్టం లేదు. అందుచేత సినిమా మాత్రమే చూసినవారికి ఈ సంగతి తెలియదు.

మరుసటి సంవత్సరమే ఆయన రెండో రకం కళ్లద్దాలను సృష్టించాడు. మొదటివి లేనిదాన్ని ఉన్నట్టు చూపేవి. రెండోవి దాగి ఉన్నదాన్ని బయటపెట్టేవి.

రాబ్‌కు దొరికిన కానుకలు

ఆ నవల పేరు ‘ది మాస్టర్ కీ’. విద్యుత్తు గురించిన అద్భుత కథ అని దానికి ఉపశీర్షిక. రచయిత కుమారులలో ఒకడికి విద్యుత్ పరికరాలంటే పిచ్చి. కథానాయకుడైన రాబ్ కూడా అలాంటివాడే. ఇంటి అటక మీద తీగలు కలుపుతూ, విడదీస్తూ ఉండగా అనుకోకుండా విద్యుత్తు యొక్క మూలకీలకాన్ని తాకుతాడు. విద్యుత్తుకు అధిపతి అయిన ఒక శక్తి ప్రత్యక్షమై వారానికి మూడేసి చొప్పున కానుకలు ఇవ్వజూపుతుంది. ఒకటి మింగితే రోజంతా ఆకలి వేయని బిళ్లలు, మనిషిని కాసేపు స్పృహ తప్పించే చిన్న గొట్టం, చేతికి కట్టుకుని గాలిలో ఎగిరే యంత్రం మొదటి వారం కానుకలు. దెబ్బ తగలనివ్వని కవచం, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏమి జరిగిందో చూపించే యంత్రం, ఇప్పుడు మనం చెప్పుకుంటున్న కళ్లద్దాలు రెండో వారం కానుకలు.

ఈ కళ్లద్దాలలో నుంచి చూస్తే మంచివారి నుదుట ఒక అక్షరం, చెడ్డవారి నుదుట మరొకటి కనిపిస్తాయి. తెలివిగలవారికి, అవివేకులకు, దయగలవారికి, క్రూరులకు వేరువేరు అక్షరాలు ఉంటాయి. మొత్తం ఆరు అక్షరాలు. మనిషంతా వాటిలో ఇమిడిపోతాడు.

ఇక్కడ రచయిత ఒక చక్కని ఘట్టం కల్పించాడు. కళ్లద్దాలు చేతికి వచ్చాక సొంత ఇంటివారిని చూడాలన్న ఆలోచన రాబ్‌కు కలుగుతుంది. కానీ కన్నవారిని, తోబుట్టువులను అలా పరీక్షించడం అన్యాయమని అతని మనసు ఎదురు తిరుగుతుంది. ఆప్తులను ఆ అద్దాలతో చూడరాదని నిశ్చయించుకుంటాడు. చివరకు మూడో వారం కానుకలు పుచ్చుకోవడానికి నిరాకరించి, ఉన్నవాటిని కూడా తిరిగి ఇచ్చివేస్తాడు. వీటిని స్వార్థం లేకుండా, లోకహితం కోసం వాడే వివేకం తనకు గానీ, మనుషులలో చాలామందికి గానీ ఇంకా రాలేదన్నది అతడు చెప్పిన కారణం.

కల్పన నిజమైన వేళ

కంటికి కనిపించే లోకం మీద యంత్రం మరికొన్ని గుర్తులు, మాటలు, బొమ్మలు చేర్చి చూపించడాన్ని నేడు ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అంటున్నారు. 1968లో ఐవన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త తలకు తొడుక్కునే యంత్రంతో దీనికి నాంది పలికాడు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. చూసేవారికి గదిలో గాలిలో తేలుతున్నట్టు గీతల బొమ్మలు కనిపించేవి. 1990ల ఆరంభంలో బోయింగ్ విమాన సంస్థలో వైరింగ్ పనివారికి ఏ తీగ ఎటు పోవాలో కంటి ముందే చూపించే ప్రయత్నాలు జరిగాయి. ఈ విద్యకు ఆ పేరు అక్కడే స్థిరపడింది.

దీనివల్ల మేలు లేదని ఎవరూ అనరు. వినికిడి లేనివారికి ఎదుటివారి మాటలను అక్షరాలుగా చూపవచ్చు. శస్త్రచికిత్స చేసే వైద్యుడికి అవసరమైన చిత్రాలను కంటి ముందు ఉంచవచ్చు. 2017లో గూగుల్ సంస్థ ఫోన్ కెమెరాలో కనిపించే దృశ్యం మీదనే ఖిబ్లా దిక్కును గీసి చూపించే సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. ప్రయాణంలో నమాజు వేళ దిక్కు తెలియక తికమకపడినవారికి దాని విలువ తెలుసు.

సమస్య అంతా ఈ యంత్రాన్ని మనుషుల ముఖాల వైపు తిప్పినప్పుడే వచ్చింది. 2013లో గూగుల్ కళ్లద్దాలు కొద్దిమంది చేతికి వచ్చినప్పుడు, తమకు తెలియకుండా తమను చిత్రీకరిస్తున్నారని జనం అభ్యంతరం చెప్పారు. 2015లో వాటిని మామూలు కొనుగోలుదారులకు అమ్మడం ఆపేశారు. కానీ ఆలోచన ఆగలేదు. కెమెరా అమర్చిన మామూలు కళ్లద్దాలు మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి. 2024లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు అలాంటి కళ్లద్దాలకు ముఖాలను గుర్తుపట్టే వ్యవస్థను జతచేసి చూపించారు. దారిన పోయే అపరిచితుడి వంక చూస్తే చాలు, అతని పేరు, చిరునామా, ఫోన్ నంబరు చేతిలోని ఫోన్‌లో ప్రత్యక్షమయ్యాయి. ప్రమాదాన్ని తెలియజెప్పడానికే ఈ పని చేశామని, దాన్ని ఎవరికీ ఇవ్వబోమని వారు ప్రకటించారు. రాబ్ కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు!

కన్ను చూస్తుంది, తీర్పు మనసు చెబుతుంది

చూపు అంటే ఏమిటో ప్రపంచానికి వివరించిన మహనీయులలో అగ్రగణ్యుడు ఒక ముస్లిం శాస్త్రవేత్త అన్న సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఇబ్నుల్ హైసమ్ 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించారు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు పండితులు భావించేవారు. కాదు, వస్తువుల నుంచి వచ్చే కాంతే కంటిలో ప్రవేశిస్తుందని ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో నిరూపించారు. ఏడు భాగాల ఆ గ్రంథం లాటిన్‌లోకి అనువాదమై, 1572లో ముద్రణ పొంది ఐరోపా పండితులకు పాఠ్యమైంది.

ఆయన అంతటితో ఆగలేదు. కంటిలో పడ్డ కాంతితోనే చూడటం పూర్తికాదని, దానికి మనసు తనకు ముందే తెలిసినదాన్ని జోడించి ఇది ఫలానా అని తీర్మానిస్తుందని వివరించారు. ఆ తీర్మానం ఎన్ని విధాల తప్పుతుందో చెప్పడానికి మూడో భాగాన్ని కేటాయించారు. రాయిని, చెట్టును చూడటంలోనే ఇన్ని పొరపాట్లకు అవకాశం ఉంటే, మనిషి గుణాన్ని చూడటంలో ఎన్ని ఉంటాయి?

రచయిత కంటికున్న అద్దాలు

దీనికి ఆ రచయిత జీవితమే పెద్ద సాక్ష్యం. 1890-91లో దక్షిణ డకోటాలోని అబర్డీన్‌లో బామ్ ఒక వారపత్రిక నడిపాడు. సూ తెగ నాయకుడు సిటింగ్ బుల్‌ను 1890 డిసెంబరులో కాల్చి చంపారు. అదే నెలలో ఊండెడ్ నీ వద్ద ఆ తెగవారిని స్త్రీలు, పిల్లలని చూడకుండా సైన్యం ఊచకోత కోసింది. ఆ రోజుల్లో బామ్ తన సంపాదకీయాలలో, ఆ దేశపు ఆదివాసులను పూర్తిగా నిర్మూలించాలని రాశాడు. ఒక జాతి మొత్తానికి ఒకే అక్షరం వేసేశాడన్నమాట. 2006లో ఆయన వంశీయులు సూ ప్రజలకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

కళ్లద్దాల నవలలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది. రాబ్ ఎగురుకుంటూ మధ్య ఆసియాలోని యార్కండ్ నగరం చేరతాడు. అక్కడ తురుష్కులు, తాతారుల మధ్య యుద్ధం జరుగుతూ ఉంటుంది. ఒక తురుష్కుడు రాబ్ వస్తువులను కాజేస్తాడు. తరతరాలుగా మస్జిదులు, మదరసాలతో వర్ధిల్లిన ఆ నగరంలో ఒక పండితుడో, ఒక సాధువర్తనుడైన వ్యాపారో రచయిత కంటికి కనిపించలేదు. గుణాన్ని బట్టి మనిషిని చూపే అద్దాలు ఊహించినవాడే, జాతిని బట్టి మనిషిని చూసే అద్దాలు తీయలేకపోయాడు.

ఆ మాటకొస్తే మన తెలుగుదేశంలో ‘తురక’ అన్న ఒక్క మాటతో ముస్లిములందరికీ ముద్ర వేయడం మనం ఎరుగనిది కాదు. పేరు వినగానే అద్దె ఇల్లు లేదనే యజమానులనూ చూస్తున్నాం. అయితే ఇదే అద్దం మన కళ్లకూ ఉందేమో చూసుకోవాలి. దూదేకులవారని, ఫలానా వృత్తివారని, ఫలానా పేటవారని మన సోదరులకే మనం తగిలించే పేర్లు ఎన్ని లేవు! హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ పేర్లు పెట్టి పిలుచుకోవద్దని ఆదేశించాడు. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని హెచ్చరించాడు. ఆ వెంటనే 12వ ఆయతులో అతిగా అనుమానించడాన్ని, ఇతరుల రహస్యాలు కూపీ లాగడాన్ని, పరోక్షనిందను నిషేధించాడు. ఈ వరుస గమనించదగినది. అనుమానం కూపీకి దారి తీస్తుంది, కూపీ చాడీలకు దారి తీస్తుంది.

హృదయాన్ని చీల్చి చూసేదెవరు?

దైవప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. యుద్ధంలో శత్రువు ఒకడు హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) చేతికి చిక్కగానే కలిమా పలికాడు. అతడు ప్రాణభయంతోనే పలికాడని తలచి ఉసామా (రజి) అతన్ని చంపివేశారు. సంగతి తెలిసి దైవప్రవక్త (స) ఎంతో బాధపడ్డారు. అతడు నిజంగా పలికాడో లేదో తెలుసుకోవడానికి హృదయాన్ని చీల్చి చూశావా అని నిలదీశారు. ఆ రోజు వరకు తాను ఇస్లాం స్వీకరించకుండా ఉండి ఉంటే బాగుండునని ఉసామా (రజి) కుమిలిపోయారు.

ఈ సూత్రాన్నే హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో పాటించారు. దైవప్రవక్త (స) కాలంలో వహీ ద్వారా మనుషుల సంగతి తెలిసేదని, ఇక మీదట బయటికి కనిపించే ఆచరణను బట్టే వ్యవహరిస్తామని, అంతరంగం సంగతి అల్లాహ్ చూసుకుంటాడని ఆయన ప్రకటించినట్టు బుఖారీలో ఉంది.

నుదుటి మీద అక్షరం అనగానే చాలామందికి దజ్జాల్ హదీసు గుర్తుకు రావచ్చు. అతని కళ్ల మధ్య కాఫిర్ అని రాసి ఉంటుందని, ప్రతి విశ్వాసీ దాన్ని చదవగలడని హదీసులలో ఉన్నమాట నిజమే. అయితే అది ఆ మహా ఉపద్రవం నుంచి తన దాసులను కాపాడటానికి అల్లాహ్ స్వయంగా ఉంచే చిహ్నం. తోటి మనుషుల నుదుళ్ల మీద మనం అక్షరాలు వెదకడానికి అది అనుమతి కాదు.

రహస్యం దాచిన సహాబీ

నిజంగా అలాంటి జ్ఞానం దక్కిన మనిషి ఒకరు మన చరిత్రలో ఉన్నారు. ఆయన హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజి). మదీనాలోని కపట విశ్వాసుల పేర్లను దైవప్రవక్త (స) ఆయనకు తెలియజేశారు. అందుకే ఆయనకు రహస్య రక్షకుడు అని పేరు వచ్చింది. అంతటి సమాచారం చేతిలో ఉన్నా ఆయన దాన్ని బజారున పెట్టలేదు. ఖలీఫా అడిగినా జాబితా విప్పలేదు. ఎవరైనా మరణిస్తే వారి జనాజాకు హుజైఫా (రజి) వచ్చారా లేదా అని హజ్రత్ ఉమర్ (రజి) గమనించేవారని చరిత్రకారులు రాశారు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ జాబితాలో తన పేరు ఉందా అని ఉమర్ (రజి) ఆయనను అడిగారట. స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరైన మనిషి ఇతరుల గురించి కాక తన గురించి భయపడ్డారు.

మన నగరంలోనూ వచ్చేసింది

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోవడానికి వీలులేదు. తెలంగాణ పోలీసులు 2018లోనే ముఖాలను గుర్తించే వ్యవస్థను తమ మొబైల్ యాప్‌లో చేర్చారు. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద ఒక ముస్లిం సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయించి ఫొటో తీశారు. దానిపై ఆయన వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. నేరస్థులను పట్టుకోవడం ప్రభుత్వ బాధ్యతే. కానీ యంత్రం తప్పు చేస్తే? 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు యంత్రం చెప్పిన పోలికను నమ్మి ఒక నిర్దోషి అయిన నల్లజాతీయుణ్ణి భార్యాబిడ్డల ముందే అరెస్టు చేశారు. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, ముఖం చూసి ఆడో మగో చెప్పే ఇలాంటి వ్యవస్థలు తెల్లజాతి పురుషుల విషయంలో నూటికి ఒక్క తప్పు కూడా చేయకపోగా, నల్లని స్త్రీల విషయంలో ఒక వ్యవస్థ నూటికి 34కు పైగా తప్పు చెప్పిందని తేలింది. యంత్రం ముద్ర వేస్తే దాన్ని చెరుపుకోవడం పేదవాడికి ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

విచారణ వేరు, కూపీ వేరు

అయితే ఎవరి గురించీ ఏమీ తెలుసుకోకుండానే వ్యవహరించాలా? కాదు. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు రెండు సంబంధాలు వచ్చాయని దైవప్రవక్త (స)ను సంప్రదించినప్పుడు, ఆ ఇద్దరి లోపాలను ఆయన దాచకుండా చెప్పారు. ఒకరు పేదవారన్నారు, మరొకరు భార్య పట్ల కఠినంగా ఉంటారని సూచించారు. ఇంకొకరిని పెళ్లాడమని సలహా ఇచ్చారు. ఇది సహీ ముస్లింలో ఉంది. అంటే అవసరం ఉన్నప్పుడు, అవసరమైనంత మేరకు, తెలిసినవారిని అడిగి తెలుసుకోవడం ధర్మసమ్మతమే. పెళ్లికొడుకు నడవడి గురించి అతని ఇరుగుపొరుగును, పనిచేసే చోట పెద్దలను అడగండి. అంతేగాని, పెళ్లికూతురి పాత ఫొటోలన్నీ తవ్వి తీసి వాట్సాప్‌లో బంధువులకు పంపడం విచారణ కాదు.

ఇంకొకరి ఇంట్లో అనుమతి లేకుండా ప్రవేశించరాదని నూర్ సూరాలో ఆజ్ఞ ఉంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) ఇంటి తలుపు సందులోంచి తొంగిచూసినప్పుడు ఆయన తీవ్రంగా ఆగ్రహించారు. అసలు అనుమతి అడగమన్నదే చూపు కోసమని తెలియజేశారు. అదే సూరాలో చూపులు దించుకోమన్న ఆజ్ఞ ముందు పురుషులకు, తరువాత స్త్రీలకు వచ్చింది. తలుపు సందుకు వర్తించిన ధర్మం ఫోన్ తెరకు, కెమెరా కళ్లద్దాలకు వర్తించదా?

కాబట్టి ఇంట్లో కొన్ని పద్ధతులు అలవాటు చేసుకుందాం. అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదని పిల్లలకు నేర్పుదాం. పెళ్లిళ్లలో జనానా వైపు కెమెరా తిప్పే ముందు పెద్దవారి అనుమతి తీసుకుందాం. ఎవరి లోపమైనా మన కంటబడితే అందరికీ పంపే బదులు ఆ మనిషికే ఏకాంతంగా చెబుదాం. తోటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచినవాని లోపాలను ప్రళయ దినాన అల్లాహ్ కప్పి ఉంచుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు కనిపెట్టి ఉండటం అవసరమే. కానీ ఆ సంగతి వారికి చెప్పి చేయాలి. దొంగచాటుగా చూస్తే పిల్లలూ దొంగచాటుతనమే నేర్చుకుంటారు.

తెరలు తొలగి చూపు పదునెక్కే రోజు, రహస్యాలన్నీ బయటపడే రోజు ఒకటి ఉందని ఖుర్‌ఆన్ తెలిపింది. ఆ రోజు మనిషి చేతికి ఇచ్చేది పొరుగువాడి కర్మల పత్రం కాదు. ఎవరి పత్రం వారే చదువుకోవాలని బనీ ఇస్రాయీల్ సూరా 14వ ఆయతు స్పష్టం చేస్తోంది. ఈ శుక్రవారం జుమాకు వెళ్లే ముందు అద్దంలో ముఖం చూసుకునేటప్పుడు, మన నుదుట ఏ అక్షరం ఉందోనని హజ్రత్ ఉమర్ (రజి)లా ఒక్కసారి భయపడదాం. ఇతరుల లోపాలు వెదికే చూపు నుంచి అల్లాహ్ మనలను కాపాడి, మన లోపాలను దిద్దుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.